హాలిడే కాక్టస్‌లో కొత్త రకం: పుప్పొడి అద్దిన రోజు నుంచి పేరు పెట్టేదాకా

పుప్పొడి అద్దడం ఒక్క నిమిషం పని. ఏ రెండు మొక్కల్ని కలపాలో తేల్చుకోవడానికి మాత్రం అంతకుముందు ఒక పూతకాలమంతా పడుతుంది. కలిపాక ఫలితం కళ్ళజూడటానికి మరో నాలుగేళ్ళు ఆగాలి. హాలిడే కాక్టస్‌లో సొంతంగా ఒక రకం తీయాలనుకునేవారు ముందు ఈ లెక్కకు సిద్ధపడాలి. నేను పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. దాదాపు మూడు వందల మొలకల్ని పువ్వు దాకా పెంచాను. వాటిలో పేరు పెట్టదగినదని నమ్మి నిలుపుకున్నది ఒక్కటే. నా డైరీలో దాని అంకె 17.

మనం హాలిడే కాక్టస్ అని పిలిచేవన్నీ ష్లంబర్జెరా అనే ప్రజాతి మొక్కలు. పుట్టిల్లు బ్రెజిల్ ఆగ్నేయ తీరపు కొండలు. కాక్టస్ అన్న పేరు విని వీటిని ఎడారి మొక్కలనుకోవద్దు. పొగమంచు పట్టే అడవుల్లో, చెట్ల కొమ్మల మీదా రాళ్ళ సందుల్లోనూ పేరుకున్న ఆకుచెత్తలో వేరూని బతుకుతాయి. ఆకుల్లా కనిపించేవి నిజానికి ఆకులు కావు, పత్రాభ కాండాలు, అంటే ఆకులా చదునుగా ఉన్న కాండం ముక్కలు. నేను వాటిని బిళ్ళలు అంటాను. ఒక బిళ్ళ చివర మరో బిళ్ళ గొలుసులా పెరుగుతూ పోతుంది, చివరి బిళ్ళ కొసన మొగ్గ వస్తుంది.

సంకరానికి దిగేవారు రెండు జాతుల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ట్రంకాటా బిళ్ళల అంచులకు కోసుగా పళ్ళుంటాయి, పుప్పొడి పసుపు, పువ్వు దాదాపు అడ్డంగా చూస్తుంది. రసెలియానా బిళ్ళల అంచులు గుండ్రని వంకీలు, పుప్పొడి ఉండే పరాగకోశాలు ఊదా గులాబీ, పువ్వు నేలచూపు చూస్తూ వేలాడుతుంది. రసెలియానాను 1837లో వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ గార్డ్‌నర్ బ్రెజిల్‌లోని ఆర్గన్ పర్వతాల్లో చూశాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో విలియం బక్లీ ఈ రెండింటినీ కలిపి తీసిన సంకరమే అసలు క్రిస్మస్ కాక్టస్. అతని పేరు మీదే దాన్ని బక్లీయి అంటారు. ఇప్పుడు కుండీల్లో అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ట్రంకాటా వంశానివే. మీ మొక్క ఏ వైపుదో తెలియకపోతే పరాగకోశాల రంగు చూడండి. బిళ్ళల అంచులు ఒక్కోసారి మోసం చేస్తాయి, పుప్పొడి రంగు నన్ను ఇంతవరకు మోసం చేయలేదు.

ముందు కోరిక ఒక్కటే ఉండాలి

"అందమైన పువ్వు కావాలి" అన్నది లక్ష్యం కాదు. ఈ మొక్కల్లో అందం లేని పువ్వు దొరకడమే కష్టం. అలాంటి కోరికతో మొదలుపెడితే మొలకలన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, ఒక్కటీ పారేయబుద్ధి కాదు, చివరికి కుండీలు మిగులుతాయి తప్ప రకం మిగలదు.

నా కోరిక తెలుపు. తెల్లపూల రకాలు చాలా ఉన్నాయి. అయితే మొగ్గ పెరిగే రోజుల్లో చలి ఎక్కువైతే, అంటే సుమారు 14 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన రాత్రులు గడిస్తే, ఆ తెలుపు మీద గులాబీ రంగు తిరుగుతుంది. పసుపు రకాలకూ అదే తీరు. కాక్టస్ పూల రంగు బీటాలెయిన్లు అనే వర్ణకాల నుంచి వస్తుంది. చాలా పూలకు ఎరుపు, నీలం ఇచ్చే ఆంథోసయనిన్లు వీటిలో ఉండవు. అందుకే నీలం హాలిడే కాక్టస్ కోసం ఆశపడకండి. వేడిగా ఉన్న గదిలో మంచులా విచ్చుకున్న నా తెల్ల మొక్క, మరుసటి ఏడు చల్లని వరండాలో గులాబీ మరకలతో పూసింది. ఆ మరకల్ని చూసిన రోజే నాకు కావలసింది ఏమిటో తెలిసింది: చలిలోనూ తెల్లగానే ఉండే తెలుపు, దానితోపాటు విరగని కొమ్మలు.

మీ కోరిక వేరే ఉండొచ్చు. నిటారుగా పెరిగే మొక్క కావచ్చు, మొగ్గలు రాల్చనిది కావచ్చు, వేలాడే పువ్వులో నారింజ రంగు కావచ్చు. ఒక్క వాక్యంలో రాసి కుండీల దగ్గర అంటించండి. నాలుగేళ్ళ తర్వాత ఎన్నిక చేసే వేళ ఆ వాక్యమే మీకు ఆధారం.

ఒకే మొక్కను రెండు కుండీల్లో కలిపిన రెండేళ్ళు

మొదటి రెండు పూతకాలాలు నేను పూర్తిగా పోగొట్టుకున్నాను. రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన తెల్ల మొక్కలు నా దగ్గర ఉండేవి. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి శ్రద్ధగా అద్దాను. పువ్వు వాడిన కొద్ది రోజులకే అండాశయంతో సహా ఊడి కింద పడేది. నలభైకి పైగా పువ్వులు అలా రాలాయి. నా చెయ్యి బాగోలేదనుకున్నాను, ఎరువు మార్చాను, నీళ్ళు మార్చాను. కారణం చాలా సూటిది. ఈ మొక్కల్లో దాదాపు అన్నీ స్వీయ పరాగాన్ని ఒప్పుకోవు, తమ పుప్పొడిని తామే గుర్తుపట్టి తిప్పికొడతాయి. ఒక రకానికి చెందిన కుండీలన్నీ ఒకే తల్లి కొమ్మ కత్తిరింపుల నుంచి వచ్చినవి కాబట్టి, ఎన్ని ఇళ్ళల్లో ఉన్నా అవి ఒకే మొక్క. నా రెండు కుండీలూ అంతే.

కాబట్టి జన్యుపరంగా వేరైన రెండు రకాలు తీసుకోండి. రంగు వేరుగా ఉంటే సందేహమే ఉండదు. రంగు ఒకటే అయితే బిళ్ళ ఆకారం, పూరేకుల వెడల్పు, పూసే వారం పోల్చి చూడండి. వేరైన మొక్కలు కూడా దగ్గరి చుట్టాలైతే ఒక్కోసారి కలవవు. ఐదారు పువ్వుల మీద ప్రయత్నించి ఒక్క కాయా నిలవకపోతే జంట మార్చడం మేలు.

కొన్ని రకాలు అసలు పనికిరావు. 1980ల తొలినాళ్ళలో అమెరికాలోని ఫ్లోరిడాలో వచ్చిన తొలి పసుపు రకం గోల్డ్ చార్మ్ అలాంటిది. దానిలో క్రోమోజోముల జట్లు రెండు కాక మూడు ఉండటం వల్ల అది గొడ్డు మొక్క. పుప్పొడి చూడటానికి బాగానే ఉంటుంది, కాయ మాత్రం రాదు.

జంటను ఎన్నుకునేటప్పుడు పువ్వునే చూడకండి. నేను తల్లిగా తీసుకున్న తెల్ల మొక్కకు వెడల్పాటి పూరేకులు ఉన్నాయి, కణుపులు మాత్రం బలహీనం. కుండీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చితే రెండు మూడు గొలుసులు తెగి కింద పడేవి. తండ్రి లేత పీచ్ పండు రంగు పూల మొక్క. పువ్వు సాధారణమైనదే. కానీ కొమ్మలు దృఢంగా నిలబడతాయి, చలిలో దాని రంగు పెద్దగా ముదరదు. తల్లిలో లేనిది తండ్రిలో ఉందా అని చూసుకోవాలి. ఇద్దరిలోనూ ఉన్న లోపం పిల్లల్లో పోతుందని ఆశించకూడదు.

పువ్వు దగ్గర

రెండూ ఒకేసారి పూయకపోతే రాత్రిని పొడిగించి దారికి తెచ్చుకోవచ్చు. ఇవి పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడు మొగ్గ వేసే మొక్కలు. ఆలస్యంగా పూసేదాన్ని 16 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో, సాయంత్రం నుంచి ఉదయం దాకా 14 గంటలు చీకటిలో, మూడు నాలుగు వారాలు ఉంచితే మొగ్గలు తొంగిచూస్తాయి. మధ్యలో గదిలో దీపం వేస్తే శ్రమంతా వృథా. మొగ్గలు కనబడ్డాక కుండీ తిప్పకండి, పండ్ల బుట్ట పక్కన పెట్టకండి. పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గల్ని రాల్చేస్తుంది. అప్పటికీ కాలం కలవకపోతే తండ్రి పుప్పొడిని పలుచని కాగితం పొట్లంలో కట్టి, తేమ పీల్చే సిలికా జెల్‌తో పాటు చిన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో దాస్తాను. రెండు వారాల లోపు వాడేస్తాను.

ఇప్పుడు పువ్వును దగ్గరగా చూడండి. పొడవైన గొట్టం, దాని నోటి నుంచి బయటికి పొడుచుకొచ్చిన కేసరాల గుత్తి, వాటి మధ్య నుంచి అన్నిటికంటే ముందుకు సాగిన ఎర్రటి కీలం. ఆ కీలం కొన మీద ఉన్న చిన్న బొడిపే కీలాగ్రం. కొన్ని మొక్కల్లో దాని చీలికలు నక్షత్రంలా విచ్చుకుంటాయి, కొన్నింటిలో దగ్గరగా ముడుచుకునే ఉంటాయి. మీరు చూడవలసింది ఆకారం కాదు, తడి. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే పలుచగా తేనె పూసినట్టు మెరవాలి. పువ్వు విచ్చుకున్న రెండో రోజో మూడో రోజో నాకు ఆ మెరుపు కనిపిస్తుంది.

తల్లి పువ్వు కేసరాల్ని విచ్చుకున్న రోజు ఉదయమే సన్నని కత్తెరతో తీసేస్తాను. స్వీయ పరాగం పట్టదు కదా అంటారేమో. నిజమే, తప్పనిసరి కాదు. కానీ కీలాగ్రం మీద సొంత పుప్పొడి పొరలా పరుచుకుని ఉంటే, బయటి పుప్పొడి సరిగ్గా పడిందా లేదా కంటికి తెలియదు. తండ్రి పువ్వును మాత్రం కుంచెతో తాకను. ఆ పువ్వునే కోసి, పూరేకులు వెనక్కి మడిచి, పొడి రాలుతున్న పరాగకోశాల్ని నేరుగా కీలాగ్రానికి రుద్దుతాను. ఎర్రటి కొన అంతా పసుపు పచ్చగా మారాలి. కుంచె వాడితే ఒక జంట పుప్పొడి ఇంకో జంటలోకి చేరుతుంది, కడిగి ఆరబెట్టే ఓపిక చివరి పువ్వుల దగ్గరికి వచ్చేసరికి ఉండదు.

అద్దిన వెంటనే చీటీ కట్టండి. తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ. దారం వదులుగా ఉండాలి, కణుపును కోయకూడదు. పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఏడాది వెలుతురుకు వెలిసిపోతుంది, కాయ పండేసరికి దాని పుట్టుక చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

కాయ, గింజ, మొలక

పది రోజుల్లో తెలిసిపోతుంది. పట్టనివి రాలతాయి. పట్టినదాంట్లో పువ్వు ఎండి వేలాడుతున్నా దాని మొదట్లోని అండాశయం పచ్చగా, గట్టిగా నిలిచి ఉబ్బుతుంది. ఒక మొక్క మీద నాలుగు కాయల కంటే ఎక్కువ ఉంచను. ఎక్కువ ఉంచిన ఏడు ఆ మొక్క సరిగ్గా పూయలేదు.

కాయ పండటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. రంగు తిరిగిందని కోయకండి. వేళ్ళతో నొక్కితే మెత్తగా దిగి, కొద్దిగా తిప్పగానే చేతిలోకి రావాలి. రానిదాన్ని ఇంకో నెల వదిలేయండి, పండిన తర్వాత కూడా కాయ చాలా కాలం మొక్క మీదే చెడకుండా ఉంటుంది. కోసి చూస్తే జిగురు గుజ్జులో నల్లగా మెరిసే గింజలు. ఒక్కోటి ఒక మిల్లీమీటరు, గసగసాల కంటే కాస్త పెద్దవి. నా 17 వచ్చిన కాయలో 140 ఉన్నాయి. గుజ్జును గింజల నుంచి పూర్తిగా కడిగి తీయాలి, ఏమాత్రం మిగిలినా బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. పలుచని గుడ్డలో వేసి నీళ్ళలో నలిపి, కాగితం మీద రెండు రోజులు నీడన ఆరబెడతాను.

విత్తడానికి కొబ్బరి పొట్టు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు చెరిసగం కలిపి, మరిగే నీళ్ళు పోసి చల్లార్చి, మూత ఉన్న పారదర్శక డబ్బాలో రెండంగుళాల మందాన నింపండి. గింజల్ని పైన చల్లి వదిలేయండి, మట్టి కప్పొద్దు. మూత పెట్టి, 21 నుంచి 24 డిగ్రీల వేడిలో, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచితే వారం పది రోజులకు మొలకలు కనిపిస్తాయి, మూడు వారాల దాకా వస్తూనే ఉంటాయి. మొదట రెండు బొద్దు బీజదళాలు. వాటి మధ్య నుంచి నూగుతో ఉన్న గుండ్రటి బుడిపె లేస్తుంది. హాలిడే కాక్టస్ పోలిక దానిలో ఏమీ ఉండదు, వేరే మొక్క గింజలు కలిశాయేమోనని మొదటిసారి నేను కంగారుపడ్డాను. ఆ తర్వాత వచ్చే తునకలు క్రమంగా బల్లపరుపుగా మారతాయి. మొలకలు ఎర్రబడితే వెలుతురు ఎక్కువైందని అర్థం, కిటికీకి ఒక అడుగు దూరం జరపండి.

రెండు చదునైన బిళ్ళలు వచ్చాక చిన్న కుండీల్లోకి విడివిడిగా మార్చి, ఒక్కోదానికి అంకె వేయండి. అక్కడి నుంచి రెండేళ్ళు చెప్పుకోదగిన పనేమీ లేదు. నీరు నిలవనివ్వకండి, కణుపుల దగ్గర తెల్లని పిండినల్లి చేరుతోందా అని చూస్తూ ఉండండి.

ఎన్నిక

అసలు పని ఇక్కడుంది. 140 గింజల్లో 61 మొక్కలు పువ్వు దాకా వచ్చాయి. మొదటివి మూడో ఏట, మిగిలినవి నాలుగో ఏట పూశాయి. తొలి పువ్వు చూసి నిర్ణయం చేయకండి. చిన్న మొక్క మీద వచ్చే మొదటి పువ్వు తరచూ చిన్నదిగా, వంకరగా ఉంటుంది. రెండో పూతకు దాని అసలు రూపు తెలుస్తుంది. ప్రతి మొక్కకు ఒక పేజీ పెట్టి, మొదటి మొగ్గ తేదీ, పువ్వు నిలిచిన రోజులు, రాలిన మొగ్గలు, ఒక గొలుసును చేత్తో మెల్లగా వంచితే విరిగిందా నిలిచిందా, అన్నీ రాశాను. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టేవాణ్ణి, ఎప్పుడూ ఉదయం పది గంటల వెలుతురులోనే తీసేవాణ్ణి.

61లో తెలుపు అనదగినవి 14. మిగిలిన వాటిలో చాలా చక్కని మొక్కలున్నాయి. 33 నంబరు లేత గులాబీ పువ్వు ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను, పూరేకుల అంచు పొడవునా పలుచని పీచ్ రంగు గీత. నేను రాసుకున్న వాక్యంలో అది లేదు. దాన్ని వదులుకున్న సాయంత్రం మనసు చివుక్కుమంది. అయినా దాన్ని ఉంచుకోవడం మొదలుపెడితే ఇంకో ఇరవై ఉంచుకోవాలి, 17 మీద పెట్టవలసిన చూపు ఆ ఇరవై మీద చెదిరిపోతుంది. కుండీలకూ చోటుకూ మించి, ఈ పనిలో త్వరగా ఖర్చయ్యేది మన శ్రద్ధ. పారేయడానికి చేతులు రాకపోతే ఎవరికైనా ఇవ్వండి, కానీ పేరు పెట్టి ఇవ్వకండి.

ఆ 14 మొక్కల నుంచి ఒక్కో కత్తిరింపు వేరు పట్టించి, మరుసటి ఏడు తల్లుల్ని వెచ్చని గదిలోనూ పిల్లల్ని 10 నుంచి 12 డిగ్రీల రాత్రుల్లోనూ పూయించాను. చల్లని వైపు పదకొండు గులాబీ తిరిగాయి. మూడు తెల్లగా నిలిచాయి. ఆ మూడింటిలో ఒకటి మొగ్గలు సగం రాల్చింది, ఇంకోదానికి తల్లి బలహీనమైన కణుపులే వచ్చాయి. మిగిలింది 17. దాని తెలుపు పాలలాంటిది కాదు, గొంతు దగ్గర సన్నని ఆకుపచ్చ నీడ ఉంటుంది. కీలం ఒక్కటే ఎరుపు.

నిలుపుకోవడం, పేరు

మంచి మొక్క దొరికితే దాని గింజలతో పెంచాలని చూడకండి, గింజ నుంచి మళ్ళీ కొత్త కలయికే వస్తుంది. రకాన్ని నిలిపేది కొమ్మ. రెండు మూడు బిళ్ళలున్న తునకను కణుపు దగ్గర మెలితిప్పి తీసి, గాయం ఆరేదాకా మూడు రోజులు నీడన ఉంచి, కింది బిళ్ళను మూడో వంతు లోతుకు గుచ్చితే నెల రోజుల్లో వేరు పడుతుంది. ఆ పిల్ల పూశాక దాని కొమ్మ నుంచి మరో పిల్లను తీసి, అది కూడా అదే పువ్వు ఇస్తుందో లేదో చూడాలి. నేను మూడు తరాలు చూడాలని నియమం పెట్టుకున్నాను. ఒక్కోసారి ఏదో ఒక కొమ్మ రంగు మార్చి పూస్తుంది. అది ఆ కొమ్మలో కొత్తగా పుట్టిన జన్యు మార్పు. ఆ కొమ్మను విడిగా తీసి వేరే అంకె వేయాలి, పాతదానితో కలపకూడదు. అమ్మే ఆలోచన ఉంటే, తల్లిదండ్రులుగా వాడిన రకాలకు హక్కుల రక్షణ ఉందేమో ముందే విచారించండి.

పేరు పెట్టడానికి సాగు మొక్కల నామకరణ నియమావళి ఒకటి అంతర్జాతీయంగా అమలులో ఉంది. దాని ప్రకారం రకం పేరు ఒంటి ఉల్లేఖన చిహ్నాల మధ్య రాయాలి, 1959 నుంచి పెట్టే పేర్లు లాటిన్‌లో ఉండకూడదు, ఆ ప్రజాతిలో అప్పటికే ఉన్న పేరును మళ్ళీ వాడకూడదు. ఈ మొక్కలకు పేర్లు వందల్లో ఉన్నాయి కాబట్టి వెతికి చూసుకోవాలి. నేను ఒక చిన్న తెలుగు పేరు అనుకుని పెట్టుకున్నాను, ఇంకా ఎక్కడా రాయలేదు.

17 మొదటి రెండు తరాలూ తెల్లగా పూశాయి. మూడో తరం కత్తిరింపులు ఇద్దరు స్నేహితుల ఇళ్ళలో ఒక్కోటి, నా చల్లని వరండాలో ఒకటి ఉన్నాయి. ఈ ఉదయం వరండాలోని దాని దగ్గర భూతద్దం పట్టుకుని చూశాను. ఏడు మొగ్గలు, కొనలన్నీ లేత ఆకుపచ్చ. ఎరుపు జాడ లేదు. మొన్న రాత్రి ఉష్ణోగ్రత 11 డిగ్రీలు.